పాత క్యాసెట్లకు ఇంటి సర్వరు ఆసరా
(మా గ్రామీణ విలేఖరి)

కాలువ గట్టున ఉన్న మా పక్క ఊళ్లో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరి ఇంట్లో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అనే పాత కంప్యూటరు ఉంది. మీటల పలకలోనే యంత్రమంతా ఇమిడి ఉంటుంది. బొమ్మకు టీవీ, ప్రోగ్రాముకు టేపురికార్డరు తగిలించుకోవాలి. 1980ల చివర్లో కొన్న ఈ యంత్రం నేటికీ చక్కగా పనిచేస్తోంది. పాడైపోతున్నవి దాని క్యాసెట్లే. వాటిలోని ప్రోగ్రాములను మరో చిన్న కంప్యూటరులో భద్రపరచి, వైరు మీదుగా పాత యంత్రానికి అందించే ఏర్పాటును మాస్టారి మేనల్లుడు ఈ మధ్యనే పూర్తి చేశాడు.

ఈ యంత్రానికి పుట్టిల్లు ఇంగ్లండు. కేంబ్రిడ్జిలోని సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ 1982 ఏప్రిల్ 23న జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ను విడుదల చేసింది. 16 కె జ్ఞాపకశక్తి గల రకం ధర 125 పౌన్లు, 48 కె రకం 175 పౌన్లు. సామాన్య కుటుంబాలు కొనుక్కోగలిగిన కంప్యూటరుగా బ్రిటన్‌లో దీనికి గొప్ప పేరు వచ్చింది. 1984లో గట్టి మీటలతో స్పెక్ట్రమ్ ప్లస్ వచ్చింది. దానినే మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వారు లైసెన్సు మీద డీబీ పేరుతో అమ్మారు.

దీనిలో ప్రోగ్రాము శబ్దరూపంలో క్యాసెట్ మీద ఉంటుంది. యంత్రం నిండా పట్టే ప్రోగ్రాము ఎక్కాలంటే సుమారు అయిదు నిమిషాలు ఆ కీచుధ్వని భరించాలి. మధ్యలో ఎక్కడ తప్పు దొర్లినా మళ్లీ మొదటికి రావలసిందే. మాస్టారు సాయంత్రాలు బడిపిల్లలను కూర్చోబెట్టి తాను రాసిన ఎక్కాల పరీక్ష, భిన్నాల ఆట ఈ యంత్రం మీదే నేర్పేవారు. ముప్పై ఏళ్లకు పైగా బీరువాలో ఉన్న క్యాసెట్లకు మన వానాకాలపు చెమ్మ తగిలి తెల్లటి బూజు పట్టింది.

మేనల్లుడు ముందుగా బూజు తుడిచి, టేపురికార్డరు హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను శబ్దం స్పష్టంగా వినిపించేవరకు కొద్దికొద్దిగా తిప్పాడు. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు వేసి ఆ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లో రికార్డు చేశాడు. దానిని ట్యాప్ అనే రకం ఫైలుగా మార్చాడు. ఈ ఫైళ్లను అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెరీ పై కంప్యూటరులో పెట్టి, దానినే ఇంటి సర్వరు చేశాడు.

పాత యంత్రాన్ని ఆ సర్వరుతో కలిపేది స్పెక్ట్రానెట్ అనే కార్డు. డిలన్ స్మిత్ అనే ఔత్సాహికుడు రూపొందించిన ఈ కార్డు యంత్రం వెనుక అంచుకు తగులుతుంది. 48 కె జ్ఞాపకశక్తి గల యంత్రంలో నెట్‌వర్కు పనికి చోటెక్కడిదన్న సందేహం రావచ్చు. కార్డుకు సొంతంగా 128 కె ఫ్లాష్, 128 కె ర్యామ్ ఉన్నాయి. నెట్‌వర్కు లెక్కలన్నీ కార్డు మీది చిప్పే చూసుకుంటుంది. కార్డు తగిలించేటప్పుడైనా తీసేటప్పుడైనా కరెంటు తప్పనిసరిగా ఆపాలి. లేకుంటే యంత్రమే కాలిపోవచ్చు.

ఈ కార్డుకు వైఫై లేదు. ఇంటి రూటరు వెనుక నుంచి వైరు లాగవలసి ఉంటుంది. కార్డు మీది బటను నొక్కితే తెర మీద పట్టిక వస్తుంది. అందులో నెట్‌వర్కు వివరాలు అడుగుతుంది. చిరునామాను రూటరునే ఇమ్మనవచ్చు, మనమే రాయనూ వచ్చు. ఒకసారి భద్రపరిస్తే ఆ వివరాలు కార్డులోనే నిలిచిపోతాయి. ఆ తరువాత బేసిక్ భాషలోనే శాతం గుర్తు ముందు పెట్టి మౌంట్ అనే ఆదేశంతో సర్వరు చిరునామా కొడితే చాలు. క్యాట్ అంటే ఫైళ్ల జాబితా కనిపిస్తుంది. ట్యాప్‌ఇన్ అని ఫైలు పేరిచ్చి, మామూలుగా లోడ్ చేస్తే క్యాసెట్ బదులు సర్వరు నుంచి ప్రోగ్రాము వస్తుంది. అయిదు నిమిషాల పని కొద్ది సెకన్లలో పూర్తవుతుంది.

పని అంత సులువుగా ఏమీ జరగలేదు. మొదటి రోజు సర్వరు పలకనే లేదు. టీఎన్ఎఫ్ఎస్ అనే ఈ పద్ధతి 16384 నంబరు పోర్టు మీదుగా నడుస్తుంది. సర్వరు ఫైర్‌వాల్ దానిని మూసి ఉంచిందని సాయంత్రానికి గాని తేలలేదు. రెండో రోజు అంతా బాగానే ఉంది. రాత్రి కరెంటు పోయి వచ్చింది. రూటరు సర్వరుకు వేరే చిరునామా ఇచ్చింది. పాత చిరునామా కొడుతూ మామా అల్లుళ్లు గంటసేపు తల పట్టుకున్నారు. రూటరులో సర్వరుకు ఒకే చిరునామా ఖాయం చేశాక ఆ బెడద తీరింది. మరో జాగ్రత్త కూడా ఉంది. ఈ పద్ధతిలో సమాచారాన్ని రహస్యంగా మార్చి పంపడం లేదు. అందుకని సర్వరును ఇంటివరకే ఉంచారు. బయటివారికి దారి తెరవలేదు.

అసలు కష్టం మూడో రోజున తెలిసింది. ఎక్కాల పరీక్ష తెర మీదికి వచ్చింది. మాస్టారు మాత్రం సంతోషించలేదు. ‘అత్తయ్య గొంతు ఏదిరా?’ అని అడిగారు. ఆ రోజుల్లో ఏ ప్రోగ్రాము ఎక్కడుందో తెలియడానికి కీచుధ్వనికి ముందు దాని పేరు చదివి రికార్డు చేసేవారు. చదివినది మాస్టారి భార్య. ఆమె కాలం చేసి తొమ్మిదేళ్లయింది.

ట్యాప్ ఫైలులో యంత్రానికి కావలసిన అంకెలే ఉంటాయి. మనిషి గొంతు అందులోకి రాదు. అది అసలు రికార్డింగులోనే ఉంటుంది. అయిదు నిమిషాల రికార్డింగు సుమారు 26 మెగాబైట్లు. దాని నుంచి తీసిన ప్రోగ్రాము 48 కిలోబైట్లకు మించదు. చోటు దండగని మేనల్లుడు మొదటి మూడు క్యాసెట్ల రికార్డింగులను చెరిపేశాడు.

మళ్లీ క్యాసెట్లు తీశారు. రెండు పలికాయి. ఎక్కాల పరీక్ష ఉన్న మొదటి క్యాసెట్ టేపు మాత్రం హెడ్డుకు అతుక్కుని తెగిపోయింది. అతికించి చూసినా ఆమె మాట ఉన్న మొదటి భాగం దక్కలేదు. మిగిలిన క్యాసెట్ల రికార్డింగులన్నీ ఇప్పుడు సర్వరులో వేరే ఫోల్డరులో ఉన్నాయి. పాత యంత్రం వాటిని వినిపించలేదు. మాస్టారు వాటిని సెల్‌ఫోన్‌లో వింటున్నారు.

ఇళ్లలో అటక మీద ఇటువంటి క్యాసెట్లు ఉన్నవారు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. బూజు తుడవకుండా టేపును ఆడించరాదు. రికార్డింగును మొదటి క్షణం నుంచి చివరివరకు చేయాలి. ప్రోగ్రాము తీసుకున్నాక ఆ రికార్డింగును చెరపకుండా రెండు చోట్ల దాచాలి. ఇప్పుడు ఆదివారాలు ఇద్దరు మనవలు వచ్చి ఎక్కాల పరీక్ష రాస్తున్నారు. అది మొదలయ్యే ముందు దాని పేరు మాస్టారే స్వయంగా పైకి చదువుతున్నారు.