మీటర్ బోర్డు మారిస్తే పాత కిలోమీటర్లు ఎక్కడికి పోతాయి?

నిజామాబాద్: పదేళ్లు, పన్నెండేళ్లు దాటిన కారులో ఒకరోజు మీటర్ బోర్డు పని చేయడం మానేస్తుంది. ముల్లు కదలదు, లేదంటే కిలోమీటర్లు కనిపించాల్సిన చోట నల్లటి మచ్చ మిగులుతుంది. షోరూమ్‌లో అడిగితే ఆ మోడల్‌కి బోర్డు ఇప్పుడు రావట్లేదంటారు. వచ్చినా ధర వినగానే ఇంటికి వెళ్లి ఆలోచించి చెబుతామంటాం. మెకానిక్ దగ్గర మాత్రం జవాబు రెడీగా ఉంటుంది: "హైదరాబాద్ నుంచి పాత మీటర్ తెప్పిస్తా సాబ్, పెట్టేస్తే అయిపోతుంది." తెప్పిస్తాడు, పెట్టేస్తాడు, బండి నడుస్తుంది. కానీ నిన్నటిదాకా 1,42,300 చూపించిన కారు ఈరోజు 68,500 చూపిస్తుంది.

ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. ఓనర్‌కి మీటర్ కావాలి, మెకానిక్‌కి పని కావాలి. అసలు సమస్య రెండు మూడేళ్ల తర్వాత, ఆ కారు బోధన్‌లోనో ఆర్మూర్‌లోనో ఇంకో ఇంటికి అమ్ముడుపోయినప్పుడు మొదలవుతుంది. కొన్నవాళ్లు "తక్కువ తిరిగిన బండి" అనుకుని ఎక్కువ డబ్బు పెడతారు. గల్ఫ్‌లో కొన్నేళ్లు కష్టపడి దాచిన సొమ్ముతో సెలవుల్లో కొన్న కారు కావచ్చు, అప్పు చేసి కిరాయికి తిప్పుకుందామని తీసుకున్న బండి కావచ్చు. తర్వాత షోరూమ్ సర్వీస్ రికార్డులో లక్షా ముప్ఫై వేలు కనిపిస్తే, నిజాయితీగా అమ్మినవాడు కూడా దొంగ కిందే లెక్క. మాట వరసకి "మీటర్ మార్చాం భాయ్" అన్నది అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

ఆ అంకె ఎక్కడ ఉంటుంది?

పాత మారుతి 800, అంబాసిడర్ లాంటి బండ్లలో గేర్‌బాక్స్ నుంచి మీటర్ దాకా ఒక కేబుల్ వస్తుంది. చక్రం తిరిగితే కేబుల్ తిరుగుతుంది, కేబుల్ తిరిగితే మీటర్ లోపల అంకెల చక్రాలు పళ్ల సాయంతో ఒక్కొక్కటిగా జరుగుతాయి. లెక్కంతా ఆ ప్లాస్టిక్ చక్రాల్లోనే ఉంటుంది, ఇంకెక్కడా ఉండదు. పైగా పాత మీటర్లలో చాలావాటికి ఐదు అంకెలే. 99,999 దాటగానే మళ్లీ సున్నా. కాబట్టి పాత కారు 42,000 చూపిస్తే అది నలభై రెండు వేలా, లక్షా నలభై రెండు వేలా అన్నది మీటర్‌ని చూసి చెప్పలేం.

తర్వాత వచ్చిన డిజిటల్ మీటర్ల పద్ధతి వేరు. గేర్‌బాక్స్ దగ్గరో చక్రం దగ్గరో ఉన్న సెన్సర్ కరెంటు సిగ్నళ్లు పంపుతుంది. బోర్డు వాటిని లెక్కపెట్టి, వచ్చిన మొత్తాన్ని ఒక చిన్న మెమరీ చిప్‌లో రాసుకుంటుంది. దీన్ని ఈఈప్రామ్ అంటారు. చాలా బోర్డుల్లో ఇది ఎనిమిది కాళ్లున్న, గోరంత కూడా లేని నల్ల ముక్క. బ్యాటరీ తీసేసినా ఆ అంకె చెరిగిపోదు. కొన్ని కార్లలో ఇదే లెక్క ఇంకో కంట్రోల్ యూనిట్‌లో కూడా ఉంటుంది. బోర్డు ఒక మాట, ఆ యూనిట్ ఇంకో మాట చెబితే స్కానర్ పెట్టగానే తేడా బయటపడుతుంది.

మార్చే ముందు అసలు మార్చాలా అన్నది చూడాలి. మన దగ్గర చాలామంది ఇక్కడే తొందరపడతారు. స్పీడు ముల్లు, కిలోమీటర్లు రెండూ ఒకేసారి ఆగిపోయి, పెట్రోల్ ముల్లు, లైట్లు బాగానే ఉంటే తప్పు బోర్డుది కాకపోవచ్చు. స్పీడ్ సెన్సర్ పోయి ఉంటుంది, పాత బండి అయితే కేబుల్ తెగి ఉంటుంది. బోర్డు మొత్తం చీకటైతే ముందు ఫ్యూజు చూడాలి. అంకెల్లో గీతలు మాత్రమే మాయమైతే డిస్‌ప్లేదో, దాని రిబ్బన్‌దో సమస్య. టంకం విడిపోయినా ఇలాంటి తమాషాలే జరుగుతాయి. చేతి పని తెలిసిన ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి టంకం మళ్లీ పోస్తే పాత అంకె పాత చోటే ఉంటుంది, ఈ గొడవే ఉండదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: కేబుల్ తెగి, లేదా సెన్సర్ పోయి బండి ఆరు నెలలు తిరిగితే ఆ ఆరు నెలల కిలోమీటర్లు ఎక్కడా ఎక్కవు. అది కూడా అమ్మేటప్పుడు చెప్పాల్సిన సంగతే.

మార్చక తప్పకపోతే సరిపెట్టడం ఎలా?

కేబుల్ మీటర్ అయితే పని సులువు. అదే మోడల్ మీటర్ దొరికితే పాతదాని అంకెల చక్రాల సెట్టు తీసి కొత్తదాంట్లో పెట్టొచ్చు, లేదంటే బిగించే ముందే అంకెలు జరిపి పాత రీడింగ్ దగ్గర ఆపొచ్చు.

డిజిటల్‌లో దారులు రెండు. పాత బోర్డు చిప్ బాగుండి, తెచ్చిన బోర్డు పార్ట్ నంబరు కూడా సరిగ్గా అదే అయితే చిప్‌ని విప్పి కొత్త బోర్డులో అతికించొచ్చు. లేకపోతే ప్రోగ్రామర్‌తో పాత చిప్ చదివి, ఆ అంకెని కొత్త దాంట్లో రాయాలి. అంకె మామూలుగా కనిపించేలా ఉండదు, కోడ్ రూపంలో, కొన్నిటిలో రెండు మూడు చోట్ల రాసి ఉంటుంది. తెలియనివాడు చెయ్యి పెడితే బోర్డే చచ్చిపోతుంది. పాత చిప్ చదవడానికే రాకపోతే చివరి సర్వీస్ బిల్లులోని రీడింగ్ తీసుకుని, ఆ తర్వాత తిరిగిన దూరాన్ని అంచనా వేసి కలపాలి. పెట్రోల్ బండి బోర్డుని డీజిల్ బండికి పెట్టడం కూడా మంచిది కాదు, ఇంజన్ చుట్లు చూపించే లెక్క తప్పొచ్చు.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లున్నవాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. వీటిలో చాలా పాత మోడళ్లకి ఇమ్మొబిలైజర్, అంటే తాళం చెవిని గుర్తుపట్టే దొంగతనం రక్షణ, మీటర్ బోర్డులోనే ఉంటుంది. ఇంకో కారు బోర్డు తెచ్చి పెడితే ఇంజన్ స్టార్ట్ అయినట్టే అయి ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది. అంత దూరం వెళ్లి తెచ్చిన మీటర్ చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడాల్సిందే. వీటికి షోరూమ్ లేదా ఆ పని నిజంగా వచ్చినవాళ్లే దిక్కు.

సరిపెట్టే వీలే లేకపోతే? అప్పుడు హిసాబ్ కాగితం మీద పెట్టాలి. పైన చెప్పిన కారునే తీసుకుంటే పాత రీడింగ్ 1,42,300, తెచ్చిన మీటర్ రీడింగ్ 68,500. తేడా 73,800. ఆ రోజు నుంచి మీటర్ ఏ అంకె చూపించినా దానికి 73,800 కలిపితే అసలు దూరం వస్తుంది. ఏడాది తర్వాత మీటర్ 80,900 అంటే కారు తిరిగింది 1,54,700. ఈ ఒక్క అంకెని సర్వీస్ బుక్‌లో తేదీతో రాసి, డ్రైవర్ డోర్ అంచు మీద స్టిక్కర్ అంటిస్తే చాలు.

ఈ స్టిక్కర్ ఐడియా కొత్తదేమీ కాదు. అమెరికాలో 1972 నుంచి దీని మీద కేంద్ర చట్టం ఉంది. మీటర్ రిపేర్ చేసినా, మార్చినా పాత రీడింగ్ అలాగే ఉండాలి. కుదరకపోతే మీటర్‌ని సున్నాకి పెట్టి, మార్చకముందు రీడింగ్ ఎంత, ఏ తేదీన మార్చారు అన్నది రాసి ఎడమ డోర్ ఫ్రేమ్‌కి అంటించాలి. అక్కడ డ్రైవర్ కూర్చునేది ఎడమ పక్కనే. జర్మనీ కూడా 2005లో మీటర్ తిప్పడాన్ని ప్రత్యేక నేరంగా చట్టంలో పెట్టింది.

మన దగ్గర ఆర్సీలో కిలోమీటర్ల కాలమే లేదు. ఏపీ 25 నంబరుతో మొదలై ఇవాళ్టికీ మన రోడ్ల మీద తిరుగుతున్న బండ్ల అసలు దూరం ఎంతో ఆర్సీ చూసి తెలుసుకునే దారి లేదు. అలాగని మీటర్ వెనక్కి తిప్పి అమ్మితే ఏమీ కాదనుకోవద్దు. తప్పుడు అంకె చూపించి డబ్బు తీసుకోవడం మోసం కిందికి వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. అమ్మింది డీలర్ అయితే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. గడువు రెండేళ్లు, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. ఇంటి మనిషి దగ్గర నుంచి నేరుగా కొన్న బండికి వినియోగదారుల కమిషన్ పనికిరాదు, అక్కడ పోలీసు ఫిర్యాదో సివిల్ కోర్టో దారి. పాత బండ్ల డీలర్లకి 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. తమ దగ్గరున్న బండి ఎందుకు, ఎవరు, ఎంత దూరం నడిపారో వాళ్లు ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో పెట్టాలి. కొనేటప్పుడు ఆ రిజిస్టర్ అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

మన పెద్దలకి ఇది అర్థం కావడానికి చట్టం కూడా అక్కర్లేదు. ఐబ్ ఉన్న సరుకు అమ్మొచ్చు, ఐబ్ దాచి అమ్మకూడదు. దాచిన ఐబ్ తర్వాత బయటపడితే కొన్నవాడు సరుకు వాపసు ఇచ్చేయొచ్చన్నది ఫిఖ్హ్‌లో ఖియారె ఐబ్ పేరుతో ఎప్పటి నుంచో ఉన్న మాట. మీటర్ మార్చడం ఐబ్ కాదు, చెప్పకపోవడమే ఐబ్.

డబ్బు ఒక్కటే నష్టం అనుకుంటే పొరపాటు. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్లలో ఆ బెల్ట్‌ని సాధారణంగా అరవై వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య మార్చాలి. మీటర్ తక్కువ చూపిస్తుంటే కొన్నవాళ్లు "ఇంకా టైముంది" అనుకుంటారు. బెల్ట్ హైవే మీద తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకి తగులుతాయి. ఇంజన్ విప్పాల్సిందే. పెళ్లికో, ఎయిర్‌పోర్ట్‌కో ఇంటిల్లిపాదీ బయల్దేరిన రోజున అది జరిగితే ఆ ఖర్చు, ఆ ఇబ్బంది ఎవరు భరిస్తారు?

మీటర్ మార్చే రోజున చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. పాత మీటర్ వెలుగుతుండగానే నంబర్ ప్లేట్‌తో కలిపి ఫోటో, కొత్తది బిగించాక ఇంకో ఫోటో. మెకానిక్ బిల్లు మీద రెండు రీడింగ్‌లు, తేదీ, ఛాసిస్ నంబరు రాయించాలి. చిన్న షాపు అయినా సరే, తెల్ల కాగితం మీద సంతకం చేసినా సరే. పాత బోర్డుని కబాడీకి ఇవ్వకుండా ఇంట్లో పెట్టుకోవాలి. నడిపినంతకే ప్రీమియం కట్టే ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్లు కంపెనీకి ఆ వారమే రాసి తెలపాలి. 2022 జూలైలో ఐఆర్‌డీఏఐ అనుమతించిన ఈ పాలసీలకి కిలోమీటర్లే ఆధారం. అమ్మేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలతో పాటు "మీటర్ ఫలానా తేదీన మార్చాం, 73,800 కలపాలి" అని విడిగా ఒక కాగితం రాసి, కొన్నవాళ్ల సంతకం తీసుకోవాలి.

కొనేవాళ్లు మాత్రం మీటర్‌ని చివర్లో చూడాలి. బ్రేక్, క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ మెరుస్తుంటే, డ్రైవర్ సీటు ఒక పక్కకి కుంగి ఉంటే అది నలభై వేల బండి కాదు. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ముప్ఫై వేలే తిరిగిందంటున్న పాత కారుకి టైర్లన్నీ కొత్తవైతే ఎందుకు మార్చారో అడగాలి. ఛాసిస్ నంబరుతో షోరూమ్‌లో సర్వీస్ హిస్టరీ తీయించడం అన్నిటికంటే మేలు.

బోధన్, శక్కర్‌నగర్ వైపు చెరకు ట్రాక్టర్లున్న రైతులకి కూడా ఇది వర్తిస్తుంది. ట్రాక్టర్‌కి కిలోమీటర్లు కాదు, గంటల మీటర్ ముఖ్యం, ఆయిల్ మార్పు, సర్వీస్ అన్నీ గంటల లెక్కనే. గంటల మీటర్ మార్చినప్పుడు పాత గంటలు రాసి పెట్టకపోతే, ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఓనర్‌కే తెలియకుండా పోతుంది.