ఇంటి ఛాయాచిత్రాలను డిస్కులలో భద్రపరచుకునే విధానం

2019 నవంబరు 24, ఆదివారం నాడు హుళిమావు చెరువు కట్ట తెగి వందలాది ఇళ్ళలోకి నీరు చేరింది. 2022 సెప్టెంబరు 5 ఉదయంతో ముగిసిన 24 గంటలలో నగరంలో 131.6 మిల్లీమీటర్ల వాన కురిసి, బొమ్మనహళ్ళి, మహదేవపుర జోన్లలోని పల్లపు వీధులు మునిగిపోయాయి. అటువంటి వేళ పిల్లలను, ముసలివారిని, బియ్యాన్ని, ఇంటి పత్రాలను మేడ మీదికి చేర్చడమే మొదటి పని. బల్ల కింద నేలకు ఆనించి ఉంచిన కంప్యూటరు పెట్టె గుర్తుకు వచ్చేసరికి తరచుగా ఆలస్యమవుతుంది. అనంతపురం నుండో, మదనపల్లె నుండో వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబానికి ఊరి ఇంటి ముంగిలి, పెళ్ళినాటి తలంబ్రాలు, తాతగారి చివరి ఫోటో అన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి. డబ్బు కూడబెట్టి కొత్త కంప్యూటరు తెచ్చుకోవచ్చు. ఆ ఫోటో మళ్ళీ తీయడానికి తాతగారు లేరు.

నీరొక్కటే ప్రమాదం కాదు. హార్డ్ డిస్కు ముందస్తు సూచన లేకుండానే పాడైపోవచ్చు. దొంగతనం జరగవచ్చు. ఫైళ్ళను తాళం వేసి డబ్బు అడిగే వైరసులు, కంప్యూటరుకు తగిలించి ఉంచిన పెన్ డ్రైవులను సైతం విడిచిపెట్టవు. ఒకసారి రాసి ముగించిన డిస్కును మాత్రం ఏ వైరసూ దిద్దలేదు. డిస్కుకు ఉన్న ప్రధానమైన గుణం ఇదే. వాట్సాప్‌లో బంధువులకు పంపాము గనుక భద్రంగా ఉన్నాయని అనుకోవడం పొరపాటు. మామూలుగా పంపిన ఫోటోను ఆ యాప్ కుదించి పంపుతుంది, అసలు స్పష్టత పోతుంది. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుండి అపరిమిత ఉచిత నిల్వను నిలిపివేసింది. ఉచితంగా లభించే 15 జీబీలో మెయిళ్ళకూ వాటా ఉంది.

సీడీలో 700 ఎంబీ, సాధారణ డీవీడీలో 4.7 జీబీ, బ్లూ-రే డిస్కులో 25 జీబీ పడతాయి. ఒక్కొక్కటి 4 ఎంబీ ఉండే ఫోటోలైతే డీవీడీకి సుమారు 1,100 వస్తాయి. 4.7 జీబీ అని ముద్రించిన డిస్కును కంప్యూటరు దాదాపు 4.37 జీబీగా చూపుతుంది. అది అంగడివాడి మోసం కాదు, లెక్కించే పద్ధతిలోని తేడా. పేరు చివర ‘ఆర్‌డబ్ల్యూ’ అని ఉన్న డిస్కులను చెరిపి మళ్ళీ రాయవచ్చు కాని, దీర్ఘకాల భద్రతకు అవి తగవు. ‘ఆర్’ అని మాత్రమే ఉన్నవి తీసుకోవాలి. కొత్త ల్యాప్‌టాపులలో డిస్కు పెట్టే అర ఉండదు గనుక యూఎస్‌బీ తీగతో తగిలించే డీవీడీ రైటరు అవసరం.

రాయడానికి ముందు ఫోటోలను ఒకచోట చేర్చుకోవాలి. ఫోనులోనివి, కెమెరా కార్డులోనివి, పెళ్ళి స్టూడియో ఇచ్చినవి వేరువేరు చోట్ల చెదరి ఉంటాయి. స్టూడియోవారు ఇచ్చే డీవీడీలో చాలాసార్లు టీవీలో చూసే వీడియో మాత్రమే ఉంటుంది. అసలు ఫోటో ఫైళ్ళను విడిగా అడిగి తీసుకోవాలి, వారు వాటిని ఎంతకాలం ఉంచుతారో అప్పుడే తెలుసుకోవాలి. ఫోల్డర్లకు 2023-05-14 వలె సంవత్సరం ముందు వచ్చేటట్లు పేరు పెడితే వరుస తప్పదు. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు ఫోటోలను ఈ డిస్కులలో కలపకూడదు. ఇవి బంధువుల ఇళ్ళకు చేరే డిస్కులు.

ఖాళీ డిస్కు పెట్టగానే విండోస్ రెండు దారులు చూపుతుంది: పెన్ డ్రైవు వలె వాడుకోవడం ఒకటి, సీడీ, డీవీడీ ప్లేయరుకు తగినట్లు రాయడం రెండవది. రెండవదానినే ఎంచుకోవాలి, అలా రాసిన డిస్కును ఇతర కంప్యూటర్లు సులభంగా చదువుతాయి. వేగాన్ని గరిష్ఠానికి పెట్టకుండా మధ్యస్థంగా ఉంచడం మేలు. నడుమ కరెంటు పోతే ఆ డిస్కు వృథా అవుతుంది గనుక బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాపుపై గాని, యూపీఎస్ ఉన్న కంప్యూటరుపై గాని ఈ పని చేయాలి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. డెస్క్‌టాప్ మీద మూలన చిన్న బాణం గుర్తుతో కనిపించేది అసలు ఫోల్డరు కాదు, దానికి దారి చూపే షార్ట్‌కట్. దానిని డిస్కులోకి లాగితే దారి మాత్రమే చేరుతుంది, ఫోటోలు చేరవు. ఈ సంగతి కంప్యూటరు పాడైన తరువాతనే బయటపడుతుంది. అందుచేత రాయడం ముగిసిన వెంటనే డిస్కును బయటకు తీసి, వీలైతే మరొక కంప్యూటరులో పెట్టి, ఫైళ్ళ సంఖ్యను పోల్చి, అక్కడక్కడ పది ఫోటోలైనా తెరచి చూడాలి. అంతవరకు కంప్యూటరులోని వాటిని చెరపరాదు.

డిస్కులో ఏముందో కంప్యూటరు చెబుతుంది; ఫోటోలో ఎవరున్నారో చెప్పలేదు. వరుసలో మూడవ ఆమె మేనత్తా, పెద్దమ్మ కూతురా అన్నది ఊరిలోని పెద్దలకే తెలుసు. వారిని అడిగి ఆ పేర్లను, వరుసలను తెలుగులో ఒక కాగితం మీద రాసి డిస్కు పెట్టెలో ఉంచాలి. ఈ పనిని మాత్రం వచ్చే సెలవులకు వాయిదా వేయకూడదు.

సీడీ పైభాగాన పలుచని పూత కిందనే అద్దం పొర ఉంటుంది; బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ఆ పొర దెబ్బతింటుంది. నీటి సిరా మార్కరుతో, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శకమైన చోట తేదీ వేస్తే చాలు. కాగితపు చీటీలు అంటించకూడదు. రాసే డిస్కులలోని రంగు పొర ఎండకు, వేడికి చెడుతుంది కాబట్టి కిటికీ పక్కన, ఫ్రిజ్ పైన పెట్టకుండా గట్టి పెట్టెలో నిలువుగా, నేలకు ఎత్తున ఉంచాలి.

ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ప్రకారం మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి. ఒక ప్రతి వేరే చోట ఉండాలి. బొమ్మనహళ్ళిలోని తెలుగువారికి ఆ వేరే చోటు వెతకనక్కరలేదు. కంప్యూటరులో ఒకటి, ఇంటి డిస్కులో ఒకటి, సంక్రాంతికి ఊరికి వెళ్ళేటప్పుడు అన్నగారి బీరువాలోకి ఒకటి.

డిస్కు కూడా శాశ్వతం కాదు. ఏటా ఒకసారి తెరచి చూసి, అయిదేళ్ళకొకసారి కొత్తదానిపైకి ఎక్కించుకోవాలి. ఒకప్పుడు నోయిడాలోని మోజర్ బేర్ ప్రపంచంలోనే పెద్ద డిస్కు తయారీ సంస్థలలో ఒకటి. 2018లో అది మూతపడే దశకు చేరింది. సోనీ రాయదగిన బ్లూ-రే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరితో ఆపివేసింది. డిస్కులు, రైటర్లు క్రమంగా అరుదవుతున్నందున అవే ఫోటోలను ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోనూ ఉంచడం అవసరం.

డిస్కు నీటిలో తడిస్తే పారవేయనక్కరలేదు. శుభ్రమైన చల్లని నీటితో బురద కడిగి, నీడలో ఆరబెట్టి, మెత్తని గుడ్డతో మధ్య నుండి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే గీతలు పడతాయి. ఆరిన వెంటనే అందులోని ఫోటోలను కాపీ చేసుకోవాలి. పనికిరాని డిస్కును గుడ్డలో చుట్టి విరిచి, ముక్కలను కాగితంలో పొట్లం కట్టి పొడి చెత్తలో, అంటే ఇక్కడివారు ‘ఒణ కస’ అనే దానిలో వేయాలి. పాత హార్డ్ డిస్కును మాత్రం చెత్త బండికి ఇవ్వక, అనుమతి పొందిన ఈ-వేస్ట్ సేకరణదారుకు అప్పగించాలి.