‘జిద్దా’ ఓడ చెప్పిన సాక్ష్యం

1880 ఆగస్టు 10న ఏడెన్ రేవుకు ఒక విషాద వార్త చేరింది. దాదాపు వెయ్యిమంది హజ్ యాత్రికులతో వస్తున్న ‘జిద్దా’ అనే పొగ ఓడ సముద్రంలో మునిగిపోయిందట! చెప్పినవాడు ఆ ఓడ కెప్టెనే. ఇక నమ్మనివారెవరు? తంతి ద్వారా ఆ వార్త లండన్‌కూ పోయింది.

మర్నాడే ‘ఆంటెనార్’ అనే మరో ఓడ జిద్దాను లాక్కుంటూ అదే రేవుకు వచ్చింది. మునిగిందన్న ఓడ తేలుతూనే ఉంది. యాత్రికులు దానిమీదే ఉన్నారు.

అసలు జరిగిందేమిటి? ఆ ఓడ 1880 జూలైలో సింగపూర్ నుంచి పెనాంగ్ మీదుగా బయలుదేరింది. తుఫాను అలలకు బాయిలర్లు కదిలిపోయి, అడుగున నీరు చేరింది. ఆగస్టు 8 తెల్లవారుజామున కెప్టెన్, అతని భార్య, మరికొందరు అధికారులు పడవ దించుకుని వెళ్లిపోయారు. యాత్రికులు మాత్రం నీరు తోడిపోస్తూ ఓడను నిలబెట్టుకున్నారు.

వారు తిరగబడ్డారని అధికారులు ఆరోపించారు. ఏడెన్‌లో విచారణ జరిగింది. కెప్టెన్‌దే తప్పని తేల్చి, అతని సర్టిఫికెట్‌ను 3 ఏళ్లు నిలిపివేశారు.

పాత ఓడల చరిత్రను వెలికితీసేవారు పేరు ఒక్కటే పట్టుకుని సాగలేరు. ఒకే పేరుతో అనేక ఓడలుంటాయి. అమ్ముడైన ఓడకు పేరూ మారుతుంది. అందుకే 1854 నాటి చట్టం తర్వాత బ్రిటిష్ వాణిజ్య నౌకలకిచ్చిన అధికారిక సంఖ్యను చూస్తారు. పేరు మారినా ఆ సంఖ్య మారదు. ఆపైన నౌకల రిజిస్టర్లు, దినచర్య పుస్తకాలు, విచారణ నివేదికలు పక్కపక్కన పెట్టి పోల్చుతారు.

మదర్సాలో హదీసు చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. చెప్పినదెవరు? అతను అక్కడున్నాడా? అతని మాటకు మరొకరి మాట తోడవుతుందా? మేము విద్యార్థులకు మొదట నేర్పే ప్రశ్నలివే. వార్త వస్తే విచారించి నిజం తెలుసుకోమని, లేకుంటే అమాయకులకు హాని చేసి పశ్చాత్తాపపడతారని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 6వ ఆయతులో హెచ్చరించింది.

ఈ సంఘటన ఆధారంగా జోసెఫ్ కాన్రాడ్ 1900లో ‘లార్డ్ జిమ్’ నవల రాశాడు. అందులో కథానాయకుడు ఓడను వదిలిన అధికారి. నీరు తోడిన యాత్రికులకు పేర్లే లేవు!

మన దేశం నుంచి సముద్ర మార్గాన హజ్ ప్రయాణం 1995తో ఆగింది. ఓడలో వెళ్లివచ్చిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వారి పాత టికెట్టు, పాస్‌పోర్టు ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉండవచ్చు. చిత్తుకాగితాలవాడికి వేయకండి. వారిని కూర్చోబెట్టి ఆ ప్రయాణం గురించి అడిగి, తేదీలతో సహా రాసుకోండి. యాత్రికుల మాట యాత్రికులే రాయకపోతే, ఓడను వదిలివెళ్లినవారి మాటే చరిత్రగా మిగులుతుంది.