జోగులాంబ నీడలో అలంపురం

మీ ఇంట్లో బల్లులు ఎక్కువయ్యాయా? నవ్వకండి, అలంపురంలో ఇది చాలా పెద్ద ప్రశ్న! అక్కడి జోగులాంబ అమ్మవారి జటల్లో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం కనిపిస్తాయి. కళ తప్పుతున్న ఇంట్లో మొదట బల్లులు చేరతాయనీ, తర్వాత తేళ్లు, ఆపైన గబ్బిలాలు వస్తాయనీ, చివరికి ప్రాణహానే జరుగుతుందనీ పెద్దలు అర్థం చెబుతారు. అందుకే ఆమెను గృహచండి అంటారు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ పొద్దున లేస్తే చీపురు పట్టుకునే మనకు ఇంతకంటే దగ్గరి దేవత ఎవరుంటారు చెప్పండి?

అలంపురం తుంగభద్ర ఒడ్డున ఉంది. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోది. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అమ్మవారి పేరే కలిపి జోగులాంబ గద్వాల జిల్లా చేశారు. హైదరాబాదు నుంచి కర్నూలు బస్సెక్కి అలంపూర్ చౌరస్తాలో దిగి లోపలికి వెళ్లాలి. కర్నూలు నుంచైతే పాతిక కిలోమీటర్లే.

ఊళ్లోకి అడుగుపెట్టగానే నవబ్రహ్మ ఆలయాలు. పేరు బ్రహ్మదే గానీ లోపల ఉన్నవన్నీ శివలింగాలే! బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించారు. స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, విశ్వబ్రహ్మ, వీరబ్రహ్మ, అర్కబ్రహ్మ, కుమారబ్రహ్మ, గరుడబ్రహ్మ, తారకబ్రహ్మ, బాలబ్రహ్మ అని తొమ్మిది. ఉత్తరాదిలో కనిపించే వంపు తిరిగిన శిఖరాలు మన నేల మీద ఇన్ని ఒకేచోట చూడడం అరుదు. అన్నీ చూసే ఓపిక లేకపోతే స్వర్గబ్రహ్మ ఒక్కటీ తీరిగ్గా చూడండి. గోడల మీది బొమ్మల నగలు, జడలు, చీర కుచ్చెళ్లు చూస్తూ మనకు గంట ఇట్టే గడిచిపోతుంది. పిల్లలు, మగవాళ్లు మాత్రం "ఇంకా ఎంతసేపు?" అంటారు, పట్టించుకోకండి.

నిత్యపూజలు జరిగేది బాలబ్రహ్మకు. ఈ గుడికీ అమ్మవారికీ ఒక అనుబంధం ఉంది. 14వ శతాబ్దంలో బహమనీల దండయాత్రలో జోగులాంబ గుడి కూలిపోయిందని చెబుతారు. అష్టాదశ శక్తిపీఠాల్లో అయిదో పీఠపు తల్లి, అప్పటినుంచి బాలబ్రహ్మ గుడిలోనే తలదాచుకుంది. ఒకటా రెండా, ఆరువందల ఏళ్లు! చివరికి 2005లో పాత చోటనే కొత్త గుడి కట్టి అమ్మవారిని ప్రతిష్ఠించారు. ఉగ్రరూపిణి కదా, చల్లబరచడానికన్నట్టు గుడి చుట్టూ నీళ్లు నింపారు. గుళ్ల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా కూడా ఉంది.

ఈ ఊళ్లో రేణుకాదేవి కథ కూడా చెబుతారు. పరశురాముడు తండ్రి మాట మీద తల్లి తల నరికాడు కదా. ఆ తల ఎల్లమ్మగా, మొండెం భూదేవిగా పూజలందుకుంటాయట. పిల్లలు లేని ఆడవాళ్లు మొక్కుకునేది ఈ భూదేవికే. మ్యూజియంలో తల బదులు పద్మం ఉన్న దేవత శిల్పం ఉంది, వెతికి మరీ చూడండి.

ఇక ఊరి చివర సంగమేశ్వరాలయానికి వెళ్దాం. నిజానికి ఈ గుడి ఈ ఊరిది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని, రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. (కర్నూలు వైపు ఏటా మునిగి వేసవిలో తేలే సంగమేశ్వరం వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.) పాపనాశి గుళ్లు ఇరవైకి పైగా ఇలాగే చోటు మారాయి. ప్రాకారం గోడ మీది శిల్పాలు చూస్తే, ఇవి ఒకసారి ఊడదీసినవంటే నమ్మలేం.

ఆ నీళ్లలోనే వందకు పైగా ఊళ్లు కూడా పోయాయి. 1980ల మొదట్లో జనం నష్టపరిహారం తీసుకుని కదిలారు. గుడి రాళ్లకు నంబర్లు పడ్డాయి గానీ, ఎవరి పొయ్యిగడ్డకూ, ఎవరి తులసికోటకూ నంబరు పడలేదు. పెళ్లై వచ్చిన ఇంటి గడప, పురుడు పోసుకున్న గది ఇప్పుడెక్కడున్నాయో చూపించలేని ఆడవాళ్లు ఈ జిల్లాలో ఎందరో. గుళ్లు కాపాడడం మంచి పనే, కాదనను. కానీ ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు వాళ్లూ గుర్తుకు రావాలి. 2009 అక్టోబరు వరదల్లో అలంపురంలోకీ నీళ్లు వచ్చాయి. గుళ్లను కాపాడేందుకు కట్టిన గట్టు కూడా ఆ ఏడు ఆపలేకపోయింది.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. ఎండాకాలంలో రాతిపలకల మీద ఉత్త కాళ్లతో నడవలేరు. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్తే హాయి. హోటళ్ల మీద ఆధారపడకండి. సాయంత్రం వీలుంటే గద్వాల వైపు మళ్లండి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు ఎలా అతుకుతారో మగ్గం దగ్గర చూసి కొనుక్కోవచ్చు. అతుకు దగ్గర వెనక్కి తిప్పి, పోగులు గట్టిగా ఉన్నాయో లేదో వేలితో లాగి చూడడం మాత్రం మరిచిపోకండి.