ప్యాకెట్‌పై క్యూఆర్ కోడ్: వినియోగదారుల అభిప్రాయ సేకరణలో పాటించవలసిన నియమాలు

అనంతపురం జిల్లాలోని కళ్యాణదుర్గం ప్రాంతం వర్షాధార వేరుశనగకు, చిరుధాన్యాలకు పేరొందినది. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే కావడం వల్ల దిగుబడిని పెంచుకునే అవకాశం పరిమితంగా ఉంటుంది. పండిన పంటకు విలువ జోడించి వేరుశనగ పట్టీగా, గానుగ నూనెగా, కొర్రబియ్యంగా అమ్మడం ఇక్కడి రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, మహిళా సంఘాలకు మేలైన మార్గం. అయితే సరకు బెంగళూరు, హైదరాబాదు దుకాణాలకు చేరిన తరువాత తిన్నవారి అభిప్రాయం పండించినవారికి చేరే దారి సాధారణంగా ఉండదు. కొర్రబియ్యంలో రాళ్లు తగిలిన వినియోగదారుడు ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే మరొక సరకుకు మారిపోతాడు. అమ్మకాలు పడిపోయాక గాని సంఘానికి విషయం తెలియదు.

ప్యాకెట్‌పై ముద్రించిన క్యూఆర్ కోడ్ ఈ లోటును తక్కువ ఖర్చుతో తీర్చగలదు. కాని దానిని ప్రశంసలను మాత్రమే పోగుచేసే సాధనంగా వాడితే చట్టపరమైన చిక్కులు తప్పవు. అంతకు మించి, సంఘానికి అత్యంత అవసరమైన సమాచారమే చేజారిపోతుంది.

కోడ్ ముద్రణలో జాగ్రత్తలు

క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌కు చెందిన డెన్సో వేవ్ సంస్థ వాహనాల విడిభాగాలను గుర్తించడానికి రూపొందించింది. కోడ్‌లో కొంత భాగం చెరిగినా చదవగలిగే దోష సవరణ దీని ప్రత్యేకత. ఇందులో నాలుగు స్థాయులు ఉన్నాయి. కనిష్ఠ స్థాయిలో సుమారు 7 శాతం, గరిష్ఠ స్థాయిలో సుమారు 30 శాతం నష్టాన్ని తట్టుకుంటుంది. నూనె మరకలు, ముడతలు పడే ప్యాకెట్లకు పై స్థాయులు అనుకూలం. చుట్టూ నాలుగు గడుల వెడల్పున ఖాళీ అంచు విడిచి, లేత రంగుపై ముదురు రంగులో, అతుకు లేని చదునైన చోట ముద్రించాలి. లింకు ఎంత చిన్నదైతే గడులు అంత తక్కువై కోడ్ సులభంగా చదవబడుతుంది. లింకు సంఘం సొంత వెబ్ చిరునామాకు చెందినదై ఉండడం శ్రేయస్కరం. అద్దె సేవ ఆగిపోతే అప్పటికే ముద్రించిన ప్యాకెట్లన్నీ నిరుపయోగమవుతాయి.

మన దేశంలో క్యూఆర్ కోడ్ అనగానే ప్రజలకు స్ఫురించేది డబ్బు చెల్లింపు. అందువల్ల కోడ్ పక్కనే “ఇది చెల్లింపు కోడ్ కాదు; మీ అభిప్రాయం తెలపడానికి మాత్రమే” అని తెలుగులోను, సరకు అమ్ముడయ్యే ప్రాంతపు భాషలోను ముద్రించాలి. అసలు కోడ్‌పై ఎవరైనా మరొక స్టిక్కరు అంటించే ప్రమాదం ఉన్నందున, వెబ్ చిరునామాను అక్షరాలలో కూడా ఇవ్వాలి.

లేబుల్ వివరాలకు కోడ్ ప్రత్యామ్నాయం కాదు

ఆహార ప్యాకెట్‌పై పదార్థాల జాబితా, పోషక విలువలు, బ్యాచ్ నంబరు, తేదీలు, ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య వంటి వివరాలను 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం ముద్రించవలసిందే. ఫిర్యాదు చేయడానికి సంప్రదించవలసిన చిరునామా, ఫోను నంబరు కూడా 2011 నాటి ప్యాకేజ్డ్ సరకుల తూనికలు, కొలతల నియమాల ప్రకారం ప్యాకెట్‌పైనే ఉండాలి. స్మార్ట్‌ఫోను లేని వినియోగదారుడికి ఈ నంబరే ఆధారం. చూపులేనివారికి సమాచారం అందేలా ఆహార ఉత్పత్తులపై క్యూఆర్ కోడ్ ఉంచాలని జాతీయ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2023లో సూచించింది. అది కూడా లేబుల్ వివరాలకు అదనమే.

అందరినీ ఒకే విధంగా అడగాలి

ఆన్‌లైన్ సమీక్షల సేకరణ, పరిశీలన, ప్రచురణలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని వెలువరించింది. స్వచ్ఛందంగా పాటించవలసినదిగా వచ్చిన ఈ ప్రమాణానికి నిజాయతీ, కచ్చితత్వం, గోప్యత, పారదర్శకత వంటి సూత్రాలు పునాది. వీటిని ఆచరణలో పెట్టడం కష్టం కాదు.

మొదట “సరకు నచ్చిందా?” అని అడిగి, నచ్చినవారిని మాత్రమే సమీక్ష పేజీకి, నచ్చనివారిని వేరొక దారికి మళ్లించడం తగదు. వచ్చిన అభిప్రాయంలోని భావాన్ని మార్చరాదు. బూతులు, ఇతరుల వ్యక్తిగత వివరాలు ఉన్న సమీక్షలను తొలగించవచ్చు గాని, ప్రతికూలమన్న కారణంతో తొలగించరాదు. సంఘ సభ్యులు, వారి బంధువులు కొనుగోలుదారుల వలె నటించి రాయరాదు. ఉచిత సరకు పొంది ప్రచారం చేసేవారు ఆ సంబంధాన్ని వెల్లడించాలని 2022 జూన్‌లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు చెబుతున్నాయి. “అయిదు నక్షత్రాలిస్తే తగ్గింపు” అనే ఎర ఎంతమాత్రం కూడదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, పునరావృతమైతే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర ప్రాధికార సంస్థకు ఉంది.

వ్యక్తిగత సమాచారం

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. వాటిలోని బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. ఈ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, నిర్దిష్ట ప్రయోజనానికి ఇచ్చినదై ఉండాలి. సమాచారం ఎందుకు సేకరిస్తున్నారో తెలిపే నోటీసును రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు, కన్నడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. సమ్మతి ఇవ్వడం ఎంత సులభమో ఉపసంహరించుకోవడం కూడా అంత సులభం కావాలి.

చిన్న సంఘానికి ఉత్తమ మార్గం అసలు తక్కువ అడగడమే. బ్యాచ్ నంబరు, కొన్న ఊరు, నాణ్యతపై మూడు ప్రశ్నలు సరిపోతాయి. ఫోను నంబరు ఐచ్ఛికంగా ఉండాలి. సమీక్ష కోసం ఇచ్చిన నంబరుకు అమ్మకపు సందేశాలు పంపాలంటే వేరుగా సమ్మతి తీసుకోవాలి.

ఫిర్యాదుకు వేరు దారి

రాళ్లు, పురుగులు, ముక్కిన వాసన, ప్యాకెట్ చిరుగుడు వంటి లోపాలను వినియోగదారుడు గుర్తించగలడు. బ్యాచ్ నంబరు తెలిస్తే అవి శుభ్రపరిచే యంత్రం దగ్గర తలెత్తాయా, నిల్వలో తలెత్తాయా అన్నది నిర్ధారించవచ్చు. కాని అఫ్లాటాక్సిన్ రుచికి, కంటికి చిక్కదు. పంట చివరి దశలో బెట్ట తగిలిన వేరుశనగలో దీనిని కలిగించే శిలీంధ్రం ఎక్కువగా సోకుతుంది. కళ్యాణదుర్గం వంటి ప్రాంతాలలో ఇది నిత్య ప్రమాదం. కాబట్టి ఎన్ని మంచి సమీక్షలు వచ్చినా ప్రయోగశాల పరీక్ష మానరాదు. తిన్నవారికి అస్వస్థత కలిగిందన్న సమాచారం వస్తే దానిని సమీక్షగా పక్కన పెట్టక, వెంటనే బాధ్యుడైన వ్యక్తికి చేర్చి, ఆ బ్యాచ్ అమ్మకాన్ని నిలిపి పరీక్ష చేయించాలి.

కొర్రలు తిన్నాక మధుమేహం తగ్గిందని ఒక కొనుగోలుదారు రాయవచ్చు. అది ఆయన స్వానుభవం. దానినే సంఘం కరపత్రంపైనో ప్యాకెట్‌పైనో అచ్చు వేస్తే సంఘమే చేసిన ఆరోగ్య ప్రకటనగా పరిగణించబడుతుంది. 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనల ప్రకారం అందుకు శాస్త్రీయ ఆధారం చూపవలసి ఉంటుంది.

సంఖ్యలను చదవడం

ఉదాహరణకు 1,000 ప్యాకెట్లు అమ్మగా 20 మంది స్పందించి, వారిలో 16 మంది మెచ్చుకున్నారనుకుందాం. “80 శాతం వినియోగదారుల మెప్పు” అని ప్రకటించడం సరికాదు. మిగిలిన 980 ప్యాకెట్ల సంగతి తెలియదు. కాని మెచ్చని నలుగురూ ఒకే బ్యాచ్‌లో రాళ్లున్నాయని చెబితే, ఆ నాలుగు మాటల విలువ పదహారు ప్రశంసల కన్నా ఎక్కువ. సంఘం నెలకొకసారి ఇటువంటి స్పందనలను బ్యాచ్‌లవారీగా పరిశీలించి, చేసిన సవరణను అదే పేజీలో వినియోగదారులకు తెలియజేయాలి. వర్షం రైతు చేతిలో లేదు గాని, జల్లెడ, నిల్వ, జవాబుదారీతనం చేతిలోనే ఉన్నాయి.