బండి మానలేదు... ఆర్డర్ మార్చా!

మాదాపూర్‌లో ఆఫీసు, రాత్రి తొమ్మిదిన్నరకి లాగౌట్. దారిలో బండి దగ్గర చికెన్ ఫ్రైడ్ రైస్, పక్కన కూల్‌డ్రింక్. రెండేళ్లు ఇదే నా డిన్నర్. మొన్న హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 'ఇంకా షుగర్ కాదమ్మా, కానీ గుమ్మం దాకా వచ్చేసింది' అన్నారు డాక్టర్‌గారు. నాకు ఇరవయ్యారే!

ఇంటికెళ్లి వండుకునే ఓపిక లేదు. అందుకే ఆర్డర్ మార్చా.

ముందు కూల్‌డ్రింక్ కట్. 250 ఎంఎల్ కోలాలో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజంతా కలిపి 25 గ్రాములలోపు ఉంటే మేలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక్క బాటిల్‌తో కోటా ఖతం! ఇప్పుడు మంచినీళ్లే.

రైస్ ఒక్క ప్లేట్ తీసుకుని రూమ్మేట్‌తో సగం సగం. తోడుగా చెరో రెండు ఉడకబెట్టిన గుడ్లు, కడుపు నిండుతుంది.

మూడోది సాస్. రోజుకి ఉప్పు 5 గ్రాములలోపే ఉండాలి. పెద్ద చెంచాడు సోయాసాస్‌లోనే 2 గ్రాములు దాటుతుంది. 'అన్నా, సాస్ తగ్గించు' అంటే మొదట్లో నవ్వాడు. ఇప్పుడు నన్ను చూడగానే 'సాస్ తక్కువే కదా అక్కా?' అంటున్నాడు.

హెచ్‌బీఏ1సీ చెప్పేది గత రెండు మూడు నెలల లెక్క. వచ్చే నెల మళ్లీ టెస్ట్. భయంగానే ఉంది. కానీ ఈసారి చేతులు కట్టుకుని కూర్చోలేదు. మీరూ ఈ రాత్రి ఒక్కటి మార్చి చూడండి. కూల్‌డ్రింక్‌తో మొదలెడితే ఈజీ, డబ్బులూ మిగులుతాయి!