చెరువు బాగైంది సరే.. చూసుకునేది ఎవరు? సిద్దిపేట చెరువులు, గజ్వేల్ అడవులు చెబుతున్న లెక్క ఇదీ!

సిద్దిపేట: చెరువు మత్తడి దుంకితే ఊరంతా పండగే. ఫొటోలు, సెల్ఫీలు, వాట్సాప్ స్టేటస్‌లు. కానీ అదే చెరువు తూము లీకైతే? కట్ట మీద తుమ్మ చెట్లు మొలిస్తే? కాలువలో చెత్త పేరుకుపోతే? అప్పుడు మాత్రం "ఎవరికి చెప్పాలి?" అన్న దగ్గరే ఆగిపోతాం. అడవి సంగతీ అంతే. మొక్క నాటే రోజు అందరూ ఉంటారు. మూడో ఏడు దాన్ని మేక తినకుండా చూసేది ఎవరు?

పథకం డబ్బుతో చెరువు, అడవి రెండూ బాగుపడతాయి. తర్వాత వాటిని నిలబెట్టాల్సింది ఊరి జనమే. మరి జనం ఎప్పుడు ముందుకొస్తారు? ఎప్పుడు పట్టించుకోరు? వివరంగా చూద్దాం.

పాత రోజుల్లో చెరువు ఎవరి చేతిలో ఉండేది?

తెలంగాణలో గొలుసుకట్టు చెరువులు కాకతీయుల కాలం నాటి నుంచే ఉన్నాయి. పై చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. రామప్ప, పాకాల, లక్నవరం అప్పటివే. చెరువు కట్టించి, చూసుకునేవాళ్లకు పొలంలో గానీ పంటలో గానీ వాటా ఇచ్చే పద్ధతి ఉండేది. దాన్నే దశబంధం అనేవారు.

ఇక ఊళ్లో నీరడి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంత పారించాలి అన్నది ఆయన పని. అందుకు ఇనాం భూమో, పంట చేతికొచ్చాక వడ్లో దక్కేవి. అంటే పని ఒకరికి అప్పగించారు, దానికి ప్రతిఫలం కూడా ఇచ్చారు. తర్వాత రోజుల్లో చెరువు సర్కారు చేతికి పోయింది, బోర్లు వచ్చాయి. నీళ్ల కోసం పక్క రైతుతో మాట్లాడాల్సిన పని లేకుండా పోయింది. అక్కడి నుంచే చెరువు మీద పట్టింపు తగ్గింది.

మిషన్ కాకతీయలో రైతులు ఎందుకు కదిలారు?

2015 మార్చి 12న అప్పటి సీఎం కేసీఆర్ సదాశివనగర్‌లో ఈ పథకాన్ని ప్రారంభించారు. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను ఐదేళ్లలో బాగుచేయాలన్నది టార్గెట్. అప్పుడు ఇరిగేషన్ మంత్రి సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్ రావే.

ఇందులో గమనించాల్సిన పాయింట్ ఒకటుంది. పూడిక తీయించే ఖర్చు సర్కారుది. ఆ మట్టిని పొలానికి తోలుకునే ట్రాక్టర్ కిరాయి మాత్రం రైతుది. అయినా రైతులు తోలుకున్నారు. ఎందుకంటే చెరువు మట్టి పడితే ఎర్ర నేల, చెల్క భూమి తేమ పట్టి ఉంచుతుంది, ఎరువుల ఖర్చు తగ్గుతుంది. పెట్టిన పైసలకు ఫలితం తన పొలంలోనే కనిపిస్తుంది.

అదే రైతు పూడిక మళ్లీ చేరకుండా వాగు కాలువ శుభ్రం చేయడానికి వస్తాడా? కష్టమే. అక్కడ పని తనది, లాభం అందరిది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

సంఘాలు పెట్టారు కదా.. ఏమైంది?

ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే రైతుల చేతికి సాగునీటి నిర్వహణ ఇచ్చే చట్టం వచ్చింది. అదే ఏడాది ఎన్నికలు పెట్టి 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పాటు చేశారు. దేశంలో చాలా రాష్ట్రాలు దీన్ని చూసి నేర్చుకున్నాయి. కానీ తర్వాత ఎన్నికలు టైమ్‌కి జరగలేదు, నిధులు సరిగా రాలేదు. చాలా చోట్ల సంఘం పేరుకే మిగిలింది.

ఇంకో సమస్య కూడా ఉంది. ఈ చట్టంలో ఓటు ఆయకట్టు రైతులకే. చెరువులో చేపలు పట్టేవాళ్లు, పశువులకు నీళ్లు తాపేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లకు ఓటు లేదు. చెరువు ఎండితే నష్టం మాత్రం అందరికీ.

బోరు నీళ్ల లెక్క రైతే కడితే?

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2003లో మొదలైన ఒక ప్రాజెక్టు ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాల్లో నడిచింది. అందులో మహబూబ్‌నగర్, నల్గొండ కూడా ఉన్నాయి. తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయం చేసింది. ఇంగ్లిష్‌లో షార్ట్‌గా ఏపీఎఫ్ఏఎంజీఎస్ అంటారు.

ఇందులో రైతులే వాన ఎంత పడిందో కొలిచారు. బోర్లలో నీటి మట్టం చూసి రాసుకున్నారు. యాసంగి ముందు అందరూ కూర్చుని లెక్క వేసుకున్నారు. భూమిలో ఇంత నీరుంది, వరి వేస్తే ఇంత పోతుంది, ఆరుతడి వేస్తే ఇంత మిగులుతుంది అని. వరి వేయొద్దని ఎవరూ ఆర్డర్ వేయలేదు. లెక్క కళ్ల ముందు ఉండటంతో చాలామంది రైతులు పంట మార్చుకున్నారు.

సిద్దిపేట జిల్లాలోనూ ఇబ్రహీంపూర్ ఇలాంటి పనికే పేరు తెచ్చుకుంది. ఇళ్ల దగ్గర ఇంకుడు గుంతలు, గుట్టల మీద కందకాలతో వాన నీటిని ఎక్కడికక్కడ ఇంకించే ప్రయత్నం చేశారు.

గజ్వేల్ అడవుల్లో ఏం చేశారు?

గజ్వేల్ వైపు సింగాయిపల్లి, కోమటిబండ లాంటి చోట్ల పాడైన అడవిని అటవీ శాఖ మళ్లీ పెంచింది. పైకి మోడుగా కనిపించినా కింద వేరు బతికే ఉంటుంది. చుట్టూ కందకం తవ్వి, పశువులు రాకుండా చూసి, పిలకల్లో మంచివి ఉంచితే చెట్టు మళ్లీ లేస్తుంది. కొత్త మొక్క కంటే త్వరగా పెరుగుతుంది, ఖర్చూ తక్కువే.

ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచే వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ఆదివాసీలు, తరతరాలుగా అడవి మీద ఆధారపడ్డవాళ్లు తమ సామూహిక అడవిని కాపాడుకునే హక్కును, ఆ విషయంలో గ్రామసభకు అధికారాన్ని చట్టంలోనే రాసింది. సమితి సర్కారు ఆర్డర్ మీద నడుస్తుంది. హక్కు చట్టంలో ఉంటుంది. ఈ తేడా చాలా పెద్దది.

ఆఫ్రికాలోనూ ఇదే కథ

మోడు నుంచి చెట్టు పెంచే ఈ పద్ధతే ఆఫ్రికాలోని నైజర్ దేశాన్ని మార్చింది. అక్కడ ఒకప్పుడు పొలంలో చెట్టు కూడా సర్కారుదే. రైతుకు దాన్ని పెంచితే వచ్చేదేమీ లేదు. అందుకే మొలక కనిపిస్తే పీకేసేవాళ్లు. 1980ల్లో మరాడి ప్రాంతంలో రైతులు పిలకలను కాపాడటం మొదలుపెట్టారు. చెట్టు మీద రైతుకు పట్టు పెరిగేకొద్దీ ఇది ఊరూరికీ పాకింది. సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయని అంచనా. అంటే కోటి 20 లక్షల ఎకరాలకు పైనే!

టాంజానియా 2002 చట్టంతో గ్రామమే తన భూమిలోని అడవిని రిజర్వ్‌గా ప్రకటించుకోవచ్చు. కెన్యాలో 2002లో నీటి చట్టం, 2005లో అటవీ చట్టం వచ్చాయి. వాటితో వాగుల కోసం, అడవుల కోసం స్థానిక సంఘాలు ఏర్పడ్డాయి. కాపలా బాధ్యత ఇచ్చి ఆదాయంలో వాటా ఇవ్వకపోతే అక్కడా సంఘాలు చల్లబడతాయి. మన నీరడికి వడ్లు ఎందుకు ఇచ్చేవాళ్లో ఇప్పుడు అర్థమవుతుంది.

పెద్ద రిజర్వాయర్లు ఉన్నాయిగా.. ఇంకా ఊరి చెరువు ఎందుకు?

మంచి ప్రశ్నే. జిల్లాలో 3 టీఎంసీల రంగనాయకసాగర్, 15 టీఎంసీల కొండపోచమ్మసాగర్, 50 టీఎంసీల మల్లన్నసాగర్ ఉన్నాయి. కానీ ఆ నీళ్లు మోటార్లతో ఎత్తిపోయాలి, కరెంటు కావాలి. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన తర్వాత ఒక్క చోట సమస్య వస్తే ఏమవుతుందో అందరికీ తెలిసొచ్చింది. పైగా కాలువ నీళ్లు వచ్చి ఆగాల్సింది కూడా ఊరి చెరువులోనే. కట్ట గట్టిగా లేకపోతే గోదావరి నీళ్లు వచ్చినా నిలవవు.

మీ ఊళ్లో చూడాల్సినవి ఇవీ..

* చెరువు శిఖం హద్దులు గుర్తించారా? మట్టి పోసి కబ్జా చేస్తున్నారా?
* తూము, మత్తడి, వాగు కాలువలను వానాకాలానికి ముందే చూస్తున్నారా? చూసే మనిషికి ఏమైనా ఇస్తున్నారా?
* కొత్త బోరు వేసేటప్పుడు 2002 వాల్టా చట్టం ప్రకారం పర్మిషన్ తీసుకుంటున్నారా?
* 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊరి బడ్జెట్‌లో మొక్కలకు 10 శాతం పెట్టాలి. ఎంత ఖర్చయింది, ఎన్ని మొక్కలు బతికాయి?
* గ్రామసభలో చెరువు, అడవి మీద మాట్లాడేటప్పుడు భూమి లేనివాళ్లు, ఆడవాళ్లు కూడా ఉంటున్నారా?

ఇవి అడగడానికి పదవి అక్కర్లేదు. గ్రామసభలో ఊరి ఓటరు ఎవరైనా అడగొచ్చు. ఈసారి మత్తడి దుంకే లోపే అడిగితే, తూము రిపేరుకు టైమ్ కూడా మిగులుతుంది.